లంకెబిందెల నుంచి హెడ్‌ఫోన్ల దాకా: కొల్లాపూర్ సీమలో పాతిన లోహం వేట

కృష్ణకు ఎడమ ఒడ్డున, నల్లమల అంచున ఉన్న కొల్లాపూర్ సీమలో భూమిలో పాతిన ధనం మీద నమ్మకం చాలా పాతది. దాన్ని వెతికే సాధనాలే కాలానుగుణంగా మారాయి. తమలపాకు మీద అంజనం, ఆ తరువాత గునపం, ఇప్పుడు బ్యాటరీతో నడిచే మెటల్ డిటెక్టర్, దానికి జతగా తీగ లేని హెడ్‌ఫోన్. మొదటి రెండింటికీ చెవితో పని లేదు. డిటెక్టర్ మాత్రం పుట్టిన నాటి నుంచీ చెవితో వాడే పరికరమే. అందువల్ల దాని చరిత్రలో సగం హెడ్‌ఫోన్ చరిత్ర కూడా.

ధనాన్ని పాతిపెట్టే అలవాటు వెనుక ఉన్నది ఆశ కంటే భయమే ఎక్కువ. కొల్లాపూర్ సురభి వంశస్థుల జటప్రోలు సంస్థానానికి ముఖ్యపట్టణం. రాజధాని కృష్ణ ఒడ్డునున్న జటప్రోలు నుంచి 19వ శతాబ్దంలో ఇక్కడికి మారింది. పక్కనే వనపర్తి, గద్వాల, గోపాలపేట సంస్థానాలు, పైన నిజాం సర్కారు. పొరుగువాళ్ల తగాదాలు, 19వ శతాబ్దం మొదట్లో దక్కనును పీడించిన పిండారీల దోపిడీలు, నదిని దాటి వచ్చే దండులు, వీటన్నిటి మధ్య నగానట్రా దాచడానికి బ్యాంకు అన్నది లేదు. ధాన్యానికి పాతర ఎలాగో, వెండి రూపాయలకు కుండ అలాగ. పశువుల కొట్టం మూలన, పొయ్యి కింద, గోడ దళసరిలో, ఊరి బయట గుర్తుగా ఉన్న చెట్టు మొదట్లో కుండను దింపి పైన మట్టి కప్పేవారు. పాతినవాడు ఎవరికీ చెప్పకుండా కన్నుమూస్తే ఆ కుండ అక్కడే ఉండిపోయేది. జనం నోట ఇవే గొలుసుతో కలిపిన లంకెబిందెలయ్యాయి, వాటికి నాగుపాము కాపలా వచ్చి చేరింది. కథలో అతిశయం ఎంతున్నా మూలం నిజమే. ఇళ్ల పునాదులు తీసేటప్పుడు, కాలువలు తవ్వేటప్పుడు నాణేల కుండలు బయటపడుతూనే ఉన్నాయి.

ఇలాంటి ధనం ఎవరిదన్న ప్రశ్న కూడా పాతదే. అర్థశాస్త్రం దీనికి లెక్క కట్టింది: నిధిని చూసి తెలిపినవాడికి ఆరో వంతు, వాడు కూలివాడైతే పన్నెండో వంతు, విలువ లక్ష దాటితే అంతా రాజుకే. మనుస్మృతి ప్రకారం పండితుడైన బ్రాహ్మణుడికి నిధి దొరికితే మొత్తం అతనిదే. రాజుకే దొరికితే సగం బ్రాహ్మణులకు పంచి సగం ఖజానాకు చేర్చాలి. విజయనగర కాలానికి ఈ హక్కు భూదానంలో భాగమయింది. అగ్రహారాన్నో దేవుడి మాన్యాన్నో ఇచ్చే శాసనాల్లో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో సహా ఇస్తున్నట్టు రాయడం రివాజు. ఆ జాబితాలో నీటి కంటే, రాతి కంటే ముందు నిలిచేవి నిధి నిక్షేపాలే. దానం పట్టినవాడికి పైరు మీద హక్కు ఎంతో, నేలలో పాతినదాని మీద కూడా అంత. గుడి మాన్యాల కింద, గుడి కింద నిధి ఉంటుందన్న తరువాతి కాలపు నమ్మకానికి ఈ శాసనాల భాషే ఊతమిచ్చి ఉండవచ్చు. కానీ శాసనం ఇచ్చింది హక్కునే తప్ప ధనాన్ని కాదు. ఈ తేడా గునపం పట్టినవాళ్లెవరికీ పట్టలేదు.

బ్రిటిష్ ఇండియాలో 1878లో వచ్చిన ట్రెజర్ ట్రోవ్ చట్టం ఈ వ్యవహారాన్ని దస్త్రాల్లోకి తెచ్చింది. నేలలోగాని, నేలకు అంటి ఉన్న కట్టడంలోగాని దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులు ముందుకు రావడానికి నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా గడువు పెడతాడు. వందేళ్ల లోపు పాతిన యజమాని గాని వారసుడు గాని తేలకపోతే అది యజమాని లేని సొత్తు అవుతుంది. అప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించి తానే తీసుకోవచ్చు. తెలపకుండా దాచినవాడికి ఏడాది దాకా జైలు. ఈ చట్టం ఉదారమైనదే. అయినా కలెక్టరు కచేరీ మెట్లు ఎక్కడం కంటే రాత్రికి రాత్రి కంసాలి కుంపటిలో కరిగించడమే సులువని చాలామందికి అనిపించింది. కరిగిన నాణేనికి చరిత్ర ఉండదు. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడి, గులాం యజ్దానీ దాని తొలి సంచాలకుడయిన తరువాతే ఈ ప్రాంతపు నాణేలు క్రమంగా హైదరాబాదు చేరి, వర్ణన పొంది, మ్యూజియం అరల్లోకి ఎక్కాయి.

చట్టం కంటే ముందున్న వెతుకులాట పద్ధతుల్లో అంజనం పేరు మోసింది. నల్లటి లేపనాన్ని తమలపాకుకో బొటనవేలి గోటికో రాసి, చిన్నపిల్లవాడి చేత చూపించి, ఏం కనబడుతోందో చెప్పించడం ఈ తంతు. పిల్లవాడు చెప్పేది పక్కన కూర్చున్న మంత్రగాడు వినాలనుకున్నదే కావడంలో ఆశ్చర్యం లేదు. దీనికి తోడు రాతి మీది గుర్తుల చదువు ఒకటి. బండ మీద పాము బొమ్మ, పాదాల గుర్తు, నంది చూపు పడే దిక్కు నిధికి ఆనవాళ్లని చెప్పుకునేవారు. పాము బొమ్మలు పూజకు నిలిపిన నాగప్రతిమలు, నంది చూపు పడేది శివలింగం మీద. దారినపోయేవాడికి తెలిసిన ఈ సంగతి నిధి వేటగాడి కంటికి ఆనకపోవడం వల్ల నల్లమలలోని పాడుబడ్డ శివాలయాల్లో ఎన్నో నందులు పగిలాయి, లింగాలు పీఠాల నుంచి పెళ్లగించబడ్డాయి. నంది కడుపులో వజ్రాలుంటాయన్న మాటకు ఒక్క ఆధారమూ దొరకలేదు. పగిలిన నందులకు మాత్రం లెక్క లేదు.

నిజమైన నిధులు చాలావరకు వెతకనివాళ్లకే దక్కాయి. కొల్లాపూర్ దగ్గరి సింగోటంలో వెలసిన లక్ష్మీనరసింహస్వామి స్థలపురాణం కూడా నాగలికి అడ్డుపడ్డ శిలతోనే మొదలవుతుంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి దీనారాలు 1531. రోమ్‌తో దక్కను వ్యాపారానికి అంతకంటే గట్టి సాక్ష్యాలు తక్కువ. 2024లో పాత నల్లగొండ జిల్లాకే చెందిన ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. రెండడుగుల లోతున ఉన్న ఆ కుండలో 3,730 సీసపు నాణేలు, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని గుర్తించారు. సీసం బజారు ధర లెక్కన ఆ కుండ విలువ అత్యల్పం. ఆ నాణేలు ఏ పొరలో, ఏ గోడ పక్కన, ఏ కుండలో ఉన్నాయన్నది తెలియడమే దాని విలువంతా. రాత్రిపూట తవ్వేవాడు అదే కుండను పగలగొట్టి, పసుపు మెరుపు లేదని గట్టు మీద పారబోసి వెళ్లేవాడు.

కొల్లాపూర్ సీమలో ఈ వేటకు కొత్త ఊపు తెచ్చింది శ్రీశైలం జలాశయం. 1960లో మొదలైన ఆనకట్ట పని 1980ల ఆరంభానికి పూర్తయింది. నీటి కింద పోయే ఊళ్ల గుళ్లను రాయి రాయికి అంకె వేసి విప్పి, ఎత్తయిన చోట మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, సోమశిల ఆలయాలు, ఎగువన కూడవెల్లి నుంచి అలంపురానికి చేరిన సంగమేశ్వరాలయం ఇలా కదిలినవే. పునాదుల్లో ఏదో దొరికిందని, దాన్ని ఎవరో మాయం చేశారని ప్రతి ఊళ్లోనూ ఒక కథ పుట్టింది. ఊరు పోయినవాళ్లకు పరిహారం అందిన తీరు చూస్తే, ఆ కథల్లో ధనం కంటే అక్కసే ఎక్కువ వినబడుతుంది. ఎండాకాలం నీరు దిగినప్పుడు పాత ఊళ్ల గోడలు, బావుల ఒరలు, రోళ్లు ఒడ్డున తేలతాయి. ఎదుటి ఒడ్డునున్న మరో సంగమేశ్వరాలయం వేసవిలో బయటపడి వానల్లో మునుగుతుంది. నీరు కడిగి వదిలిన ఈ ఒండ్రు నేల డిటెక్టర్ చేతబట్టినవాడికి ప్రతి ఏటా ఆశ పెడుతూనే ఉంటుంది.

డిటెక్టర్ పుట్టుక మాత్రం నిధి కోసం కాదు, ఒక ప్రాణం కోసం. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడుందో వైద్యులకు తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ దాన్ని వెతకడానికి పూనుకున్నాడు. తీగచుట్టలో మారుతూ ఉండే విద్యుత్తు దగ్గరలోని లోహంలో చిన్న ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాల అయస్కాంత క్షేత్రం రెండో తీగచుట్టలోని సమతుల్యతను చెడగొడుతుంది. శాస్త్రజ్ఞులు డోవ్ 1841లో, హ్యూస్ 1879లో పరీక్షించిన ఈ ఇండక్షన్ బ్యాలెన్స్‌కు బెల్ టెలిఫోన్ రిసీవరును తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోహం దగ్గరికి వస్తే రిసీవరులో శబ్దం పెరుగుతుంది. రోగి పడుకున్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు శబ్దాన్ని గజిబిజి చేశాయి. పైగా ప్రధాన వైద్యుడు కుడి పక్కనే వెతకనిచ్చాడు; తూటా ఎడమ పక్కన ఉందని సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాక శవపరీక్షలో తేలింది. పరికరం తప్పు చెప్పలేదు. వెతికిన చోటు తప్పు, చుట్టూ ఉన్న అనవసర లోహం తప్పు. డిటెక్టర్ వాడేవాళ్లకు ఈ రెండు చిక్కులూ నేటికీ తప్పలేదు.

తరువాతి అడుగు రేడియో ఇంజనీర్లది. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్ విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాల మీద పనిచేస్తూ, ఖనిజపు నేలల దగ్గర అవి తప్పు దిక్కు చూపడం గమనించాడు. ఆ తప్పునే ఉపయోగంగా మార్చిన అతని డిటెక్టర్‌కు 1937లో పేటెంటు దక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లండులో ఉన్న పోలిష్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ ఒక మనిషి మోయగల మందుపాతర డిటెక్టర్‌ను తయారుచేసి బ్రిటిష్ సైన్యానికి ఉచితంగా ఇచ్చాడు. కర్ర చివర రెండు తీగచుట్టలు, వీపు మీద బ్యాటరీ, చెవులకు హెడ్‌ఫోన్. 1942 ఎల్ అలమేన్ యుద్ధంలో 500 దాకా వాడారు. నేటి డిటెక్టర్ రూపం అప్పుడే స్థిరపడింది.

కొల్లాపూర్ దారుల్లో ఈ పరికరం పరిచయమయింది కూడా మందుపాతరల వల్లనే. నల్లమల 1990ల్లో పీపుల్స్ వార్ నక్సలైట్లకు బలమైన స్థావరం. 1993 నవంబరులో సోమశిల దగ్గర జరిగిన మందుపాతర దాడిలో మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశినాయుడు, ఆయన వెంట ఉన్న పోలీసులు మరణించారు. అడవి అంచు రోడ్ల మీద, కల్వర్టుల కింద, మంత్రుల సభలకు ముందు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని నేల మీద పళ్లెం లాంటి కాయిల్ ఊపుతూ నడిచే పోలీసు ఆ తరానికి తెలిసిన దృశ్యం. గ్రామస్థులు దాన్ని బాంబుల మిషన్ అనేవారు. ఆ మిషన్ నేలలోని ఇనుమును పట్టగలదన్న సంగతి ఊళ్లకు తెలిసిన తరువాత, బంగారాన్ని ఎందుకు పట్టదన్న ఆలోచన రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఆ ఆలోచనకు బజారు రెండు రకాల సరుకును చూపించింది. ఒకటి నిజమైన డిటెక్టర్. మామూలు నమూనాతో నాణెం పట్టేది ఒక అడుగు లోపే. పెద్ద కాయిల్‌తో పెద్ద బిందెనైతే మూడడుగుల దాకా. రెండోది నమ్మకాన్ని అమ్మే సరుకు. ఇరవై మీటర్ల లోతున బంగారం ఉన్న దిక్కుకు తిరిగే పుల్లలు, బియ్యపు గింజలను లాగే రాగి చెంబులు, ఇరిడియం పేరిట జరిగే రైస్ పుల్లింగ్ మోసాలు తెలుగు రాష్ట్రాల పోలీసు స్టేషన్లకు కొత్త కావు. ఇందులో పల్లెవాళ్ల అమాయకత్వాన్ని ఎత్తిపొడవడానికి వీలు లేదు. గోల్ఫ్ బంతులు వెతికే ఉత్తుత్తి పుల్లనే పేరు మార్చి బాంబు డిటెక్టర్‌గా ఇరాక్ ప్రభుత్వానికి అమ్మిన బ్రిటిష్ వ్యాపారి 2013లోనే శిక్ష అనుభవించడం మొదలుపెట్టాడు. ప్రభుత్వాలూ ఆశకు అతీతం కాదు. హైదరాబాదులోని విద్యారణ్య పాఠశాల ఆవరణలో 2012లో నిజాం నిధి కోసం తవ్వారు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువు కలను పట్టుకుని పురావస్తు సర్వేక్షణ విభాగమే గోతులు తీసింది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారిక అనుమతితో తవ్వారు. మూడు చోట్లా చెప్పిన బంగారం రాలేదు.

ఆశ ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి పదకొండు మందిని చంపాడన్న ఆరోపణపై 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. అక్కడ డిటెక్టర్‌తో పనే లేకపోయింది, మాట చాలింది.

ఇక నిజమైన డిటెక్టర్ సంగతి. దానికి తెర ఉన్నా, అంకెలు కనబడుతున్నా, అనుభవజ్ఞులు నమ్మేది శబ్దాన్నే. ఇనుముకు మొద్దు స్వరం, వెండి రాగిలకు పదునైన పైస్వరం, సీసం, పలుచటి బంగారం, అల్యూమినియం రేకుకు మధ్యస్వరాలు. లోతున ఉన్న నాణెం తెర మీద అంకె చూపకముందే చెవిలో గుసగుసలా పలుకుతుంది. బంగారం వెతికే నమూనాల్లో సన్నటి జుమ్మనే ధ్వని నిరంతరం వినిపిస్తూ ఉంటుంది. ఆ ధ్వనిలో చిన్న తొణుకే సంకేతం. పరికరం స్పీకరు ద్వారా ఈ తొణుకు గాలిలో కలిసిపోతుంది. పాలమూరు (మహబూబ్‌నగర్) ఎర్రనేలల్లోని గ్రానైటు ఇసుకలో మాగ్నెటైట్ గింజలుంటాయి. పాత ఇనుప కొలిమిల దగ్గర చిట్టెం గుట్టలుంటాయి. పొలాల గట్ల మీద గుట్కా పొట్లాల రేకు, జలాశయం ఒడ్డున చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు. ఈ గుండుకూ ఇక్ష్వాకుల సీసపు నాణేనికీ స్వరంలో తేడా పట్టడం చేయి తిరిగినవాడికే కష్టం. ఇలాంటి నేలలో హెడ్‌ఫోన్ విలాసం కాదు. పైగా అది స్పీకరు తినే బ్యాటరీని మిగులుస్తుంది, పక్క పొలంవాళ్లకు నిద్రాభంగం తప్పిస్తుంది.

దశాబ్దాల పాటు హెడ్‌ఫోన్ తీగతోనే నడిచింది. తీగ ముళ్ల కంపకు తగులుకోవడం, వంగి తవ్వేటప్పుడు గడ్డపార కింద పడటం, జాక్ దగ్గర తెగడం మామూలు. 2009 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన ఎక్స్‌పీ సంస్థ డియస్ అనే నమూనాలో కాయిల్, చేతి పరికరం, హెడ్‌ఫోన్ మూడింటినీ రేడియోతో కలిపి తీగల బెడద తీసేసింది. అంతకుముందే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు బజారులో ఉన్నా ఈ పనికి అచ్చిరాలేదు. కారణం ఆలస్యం.

ఆలస్యమంటే కాయిల్ లోహం మీదికి వచ్చిన క్షణానికీ చెవికి ధ్వని చేరిన క్షణానికీ మధ్య వ్యవధి. పాట వినేవాడికి అది తెలియనే తెలియదు. కాయిల్‌ను సెకనుకు ఒక మీటరు వేగంతో ఊపేవాడికి మామూలు బ్లూటూత్‌లోని సుమారు 200 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ధ్వని వినబడేసరికి కాయిల్ 20 సెంటీమీటర్లు దాటిపోయి ఉంటుంది. ఎడమ నుంచి ఊపితే కుడికి, కుడి నుంచి ఊపితే ఎడమకు తప్పుతుంది. రెండు తప్పుల మధ్య గొయ్యి 40 సెంటీమీటర్ల వెడల్పవుతుంది. ఆప్టెక్స్ లో లేటెన్సీ అనే పద్ధతిలో ఆలస్యం 40 మిల్లీసెకన్లకు, అంటే నాలుగు సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఆస్ట్రేలియా సంస్థ మైన్‌ల్యాబ్ 2018లో తెచ్చిన ఈక్వినాక్స్ డిటెక్టర్లు ఈ పద్ధతితో పాటు, సుమారు 17 మిల్లీసెకన్ల సొంత రేడియో పద్ధతిని కూడా చేర్చాయి. అమెరికా సంస్థ గారెట్ కూడా తన సొంత పద్ధతి జెడ్‌లింక్‌ను తెచ్చింది. ఇవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే నడుస్తాయి; తేడా తరంగంలో లేదు, ధ్వనిని పొట్లం కట్టి పంపే తీరులో ఉంది.

కాబట్టి ఎంపికలో మొదట చూడవలసింది ధర కాదు, బ్రాండు కాదు, డిటెక్టరూ హెడ్‌ఫోనూ ఒకే తక్కువ ఆలస్యపు పద్ధతిని మాట్లాడుతున్నాయా అన్నది. రెండింటిలో ఒకటే ఆప్టెక్స్ లో లేటెన్సీ తెలిసినదైతే కలయిక మామూలు బ్లూటూత్‌కు దిగిపోతుంది. పెట్టె మీద ఆప్టెక్స్ అని మాత్రమే ఉంటే సరిపోదు, లో లేటెన్సీ అన్నది విడిగా ఉండాలి. పాత డిటెక్టర్‌కు బయటి ట్రాన్స్‌మిటర్ తగిలించవచ్చు. అయితే జాక్ పరిమాణం చూసుకోవాలి, పాత నమూనాల్లో 6.35 మిల్లీమీటర్ల లావు రంధ్రం, కొత్తవాటిలో 3.5. ట్రాన్స్‌మిటర్, హెడ్‌ఫోన్ ఒకే సంస్థ జతగా అమ్మినవైతే తగాదా తక్కువ.

సంగీతం కోసం చేసిన హెడ్‌ఫోన్లలో గొప్పగా చెప్పే గుణాలు ఇక్కడ అడ్డంకులు. బాస్ పెంచే అమరిక అనవసరం. డిటెక్టర్ స్వరాలు ఎక్కువగా మధ్యస్థాయిలో ఉంటాయి. నిశ్శబ్దం పది నిమిషాలుంటే నిద్రపోయే హెడ్‌ఫోన్, చిన్న ధ్వనుల మొదటి అంచును కత్తిరించే హెడ్‌ఫోన్ రెండూ పనికిరావు. క్షణకాలపు బీప్ మొదటి భాగం పోతే లోతైన నాణెమే పోయినట్టు. చెవికి విడిగా వాల్యూమ్ తిప్పే గుండీ ఉండటం మేలు. పైకి తేలి ఉన్న గొడ్డలి తలకాయ మీద కాయిల్ పడ్డప్పుడు వచ్చే అరుపు నుంచి చెవిని కాపాడే పరిమితి కూడా ఉండాలి.

చెవిని పూర్తిగా మూసే గిన్నెలు గాలిహోరును ఆపుతాయి. కానీ నలభై డిగ్రీలు దాటే పాలమూరు ఎండలో అరగంటకే చెమట కారుతుంది. చెట్టూ చేమా మధ్య పనిచేసేటప్పుడు చెవులు మూసుకోవడం మంచిది కాదు కూడా. పాము బుస, తోడు వచ్చినవాడి కేక వినబడాలి. అందుకే ఒక చెవి గిన్నెను వెనక్కి తిప్పుకోగలిగినది, లేదా తేలికగా చెవి మీద ఆనేది మేలు. ధూళికీ నీటికీ తట్టుకునే రేటింగు, చెవి దిండ్లు మార్చుకునే వీలు, ఒకరోజు పనికి సరిపడే బ్యాటరీ, వీటికి ఎక్కువ వివరణ అక్కర్లేదు. నీటి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిలో కొన్ని సెంటీమీటర్లకే చచ్చిపోతుంది. తీగతో కలిపిన కాయిల్ నీళ్లలో ఉన్నా నియంత్రణ పెట్టె పైన ఉంటే ఇబ్బంది లేదు. పెట్టెతో సహా మునిగే పనికి తీగ హెడ్‌ఫోనే గతి, అదీ నీటికి తట్టుకునే ప్రత్యేక రకం.

ఇంత ఎంచుకున్న తరువాత దాన్ని ఎక్కడ వాడవచ్చన్నది కొల్లాపూర్‌లో చిన్న ప్రశ్న కాదు. పక్కనున్న నల్లమల అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. అక్కడ అనుమతి లేనిదే కాలు పెట్టరాదు. కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. తవ్వకానికి అనుమతి కావాలి. రాష్ట్ర రక్షిత స్థలాలకు 2017 తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది. నూరేళ్లు దాటిన నాణెం, విగ్రహం, శాసనం 1972 పురావస్తు చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం దాటించడం నేరం, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం నేరం. గుడి దగ్గర రాత్రి గునపంతో పట్టుబడినవాళ్ల మీద పోలీసులు పెట్టే కేసుల్లో 1878 చట్టం ఇప్పటికీ కనబడుతుంది. బ్రిటన్‌లో నేల యజమాని ఒప్పుకుంటే డిటెక్టర్ వాడకం వ్యాపకంగా నడుస్తుంది. 1996 నిధి చట్టం, ఆ మరుసటి ఏడాది మొదలైన నమోదు పథకం వల్ల దొరికినవి నమోదయ్యే, నిధిగా తేలినవి మ్యూజియాల దాకా చేరే వీలుంది. ఇక్కడ అలాంటి నమోదు వ్యవస్థ లేదు.

మిగిలిన వాడకం మామూలు వాడకమే. సొంత పొలంలో కలుపు తీస్తూ పోగొట్టుకున్న ముక్కుపుడక, దమ్ము చేసేటప్పుడు ఊడిపోయిన ట్రాక్టర్ నాగలి మొన, పూడిపోయిన ఇనుప పైపులైను, రంపానికి వేసే దుంగలో దిగబడిన మేకు. పోలీసుల తనిఖీలు, పురావస్తు శాఖ అనుమతితో జరిగే సర్వేలు వీటికి పైమెట్టు. సర్వేకైతే దొరికిన ప్రతి బీప్‌కూ చోటు కొలిచి రాసుకోవాలి గనుక తక్కువ ఆలస్యపు తీగలేని జత డబ్బుకు తగిన ఫలితమిస్తుంది. ముక్కుపుడకకు డిటెక్టర్‌తో వచ్చిన తీగ హెడ్‌ఫోన్ చాలు, కాయిల్‌ను కాస్త నెమ్మదిగా ఊపితే సరి.